చంద్రునిమీద చిన్న అద్దము



కాణిపాకము చుట్టుపట్ల పల్లెలలో మేము ప్రార్థనకై ఇంటింటికి వెళ్లునప్పుడు, మంచము పట్టిన పెద్దలు పలువురు ఒకే మాట చెప్పుచుందురు: "అయ్యగారూ, చెరకు నరకలేము, బెల్లము వండలేము, మందిరమునకు నడచి రాలేము. ఇంక మావలన దేవునికేమి పని?" ఈ మాటకు జవాబుగా ఒక సంగతిని ఈ నెల ధ్యానించుదము.

2023 జూలై 14న మన పొరుగున తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 బయలుదేరెను. ఆగస్టు 23న విక్రమ్ అను నౌక చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగెను. అక్కడి ఒక్క పగలు, అనగా మన లెక్కలో సుమారు 14 దినములు, పనిచేయుటకే అది నిర్మింపబడెను. సెప్టెంబరు 4న దానిని నిద్రపుచ్చిరి. అక్కడ మరల సూర్యుడుదయించినప్పుడు ఎంత పిలిచినను అది పలుకలేదు.

అయినను దానిపై నాసావారు ఇచ్చిన చిన్న అద్దమొకటి కలదు. వెడల్పు 5 సెంటీమీటర్లే. అందులో 8 స్ఫటికపు ముక్కలున్నవి. గది మూలలో రెండు గోడలును నేలయు కలిసినట్లు, ఒక్కొక్క ముక్కలో మూడు పలకలు కూడియుండును. అందుచేత వెలుగు ఏ దిక్కునుండి వచ్చునో ఆ దిక్కునకే తిరిగి పోవును. దానికి విద్యుత్తు అక్కరలేదు.

అదే సంవత్సరము డిసెంబరు 12న, చంద్రుని చుట్టు తిరుగుచున్న నాసావారి నౌక 100 కిలోమీటర్ల దూరమునుండి విక్రమ్ వైపు లేజరు కిరణములను పంపెను. ఆ అద్దమునుండి వెలుగు తిరిగి వచ్చెను! వెలుగు పోయి వచ్చు కాలమునుబట్టి దూరమును ఖచ్చితముగా లెక్కింపవచ్చును.

ప్రియులారా, గమనించుడి. యంత్రములన్నియు మౌనమైన పిమ్మట బదులిచ్చినది ఆ చిన్న అద్దమే. దానికి స్వంత వెలుగు లేదు. వచ్చిన వెలుగును దాచుకొనలేదు, పంపినవాని యొద్దకే పంపెను.

దేవాలయములోని అన్న అను వృద్ధ విధవరాలిని తలంచుడి. ఆమె చేయగలిగినది ఉపవాసము, ప్రార్థన. శిశువైన ప్రభువును చూచినప్పుడు ఆమె దేవుని స్తుతించెను. ఆ స్తుతిని సువార్త నేటికిని మరువలేదు.

పెద్దలారా, మీ చేతిపని ముగిసినను మీ సాక్ష్యము ముగియలేదు. పడుకొనియున్న చోటనుండియే కృపకు స్తోత్రమును తిరిగి పంపుడి. యౌవనులారా, ఏ వృద్ధుని మూలకు త్రోయకుడి. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట వారి మంచమునొద్ద కూర్చుండి వాక్యము చదువుడి. వారి పెదవులనుండి వచ్చు బదులు మిమ్మును బలపరచును.

ప్రభువు మనలనందరిని అట్టి అద్దములుగా చేయును గాక. ఆమేన్.