అడగలేదు గనుక చెప్పలేదు - ఇది న్యాయమేనా?

చింతూరు నుంచి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు మీదుగా చింతపల్లి, నర్సీపట్నం వెళ్లే ఘాట్ రోడ్డులో ప్రయాణించేవారికి 'రంగురాళ్లు' అనే మాట కొత్త కాదు. డొంకరాయి అనగానే బయటివారికి సీలేరు నది మీది జలాశయం, 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రం గుర్తుకొస్తాయి. అదే రోడ్డు వెంట ఇంకా ముందుకు సాగితే వచ్చే చింతపల్లి, గొలుగొండ ప్రాంతాల కొండల్లో అల్లాహ్ మరో సంపదను దాచి ఉంచాడు. వైడూర్యం, అలెగ్జాండ్రైట్ వంటి రాళ్లు అక్కడ దొరుకుతాయి. కొండ దిగిన రాయి సానపట్టించుకుని, సెల్‌ఫోన్‌లో ఫోటోగా మారి, దాన్ని ఎన్నడూ చేతితో తాకని మనిషికి అమ్ముడుపోయే కాలం ఇది.

మన ఇళ్లలో కూడా ఎందరో యువకులు, గృహిణులు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా నగలు, ముత్యాలు, ఉంగరపు రాళ్లు అమ్ముతున్నారు. ఇంట్లో కూర్చుని హలాల్ సంపాదనకు మంచి మార్గమే. అయితే వీరి నుంచి తరచూ వినవచ్చే మాట ఒకటుంది: "మేము అబద్ధం చెప్పలేదు. కొనేవారు అడగలేదు, మేము చెప్పలేదు. ఇందులో పాపం ఏముంది?"

జవాబుకు ముందు అలెగ్జాండ్రైట్ సంగతే చూద్దాం. ఈ రాయి పగటి వెలుగులో పచ్చగా, పాతకాలపు బల్బు వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. దాని ధర ఈ రంగు మార్పు మీదే ఆధారపడి ఉంటుంది. మార్పు ఎంత స్పష్టంగా ఉంటే అంత విలువ. రంగు సరిగా మారని రాయిని, అది అందంగా కనిపించే ఒకే వెలుగులో ఫోటో తీసి 'అలెగ్జాండ్రైట్' అని పెడితే అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఫోటో కూడా నిజమైనదే. అయినా కొన్న మనిషి మోసపోయాడు.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులోకి చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అతను కావాలని నీళ్లు పోయలేదు, నోటితో అబద్ధమూ ఆడలేదు. అయినా ప్రవక్త (సఅసం) ఆ సాకును అంగీకరించలేదు. జనం చూసేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు, మోసం చేసేవాడు తన వాడు కాడని తేల్చి చెప్పారు. "రాయికి మెరుగుపెట్టింది నేను కాదు, హోల్‌సేల్ వ్యాపారి" అనేవారు ఈ హదీసును మరోసారి చదవాలి.

ఇక్కడ మరొకటి గమనించండి. ఆ బజారులో కొనేవాడు తలచుకుంటే తనే రాశిలో చేయి పెట్టి చూసుకోగలడు. ఫోన్‌లో కొనేవాడికి ఆ చేయి లేదు. రాయిని వెలుగుకు ఎత్తి చూడలేడు, పక్క దుకాణంలో పోల్చుకోలేడు, తెలిసిన కంసాలిని వెంట తెచ్చుకోలేడు. అతని కళ్లూ, చేతులూ రెండూ అమ్మేవాడు రాసిన నాలుగు వాక్యాలే. కనుక ముఖాముఖి బేరంలో 'అడగలేదు' అనే మాటకు ఏ కాస్తో బలం ఉంటే ఉండవచ్చు గాక, ఇక్కడ మాత్రం అది బొత్తిగా నిలవదు. ఏమి అడగాలో తెలియనివాడు ఎలా అడుగుతాడు?

ఇక ఏమేమి చెప్పాలి? కెంపులు, నీలాలు ఎక్కువ భాగం రంగు తేలడానికి వేడి చేసినవే. వ్యాపారంలో అది తప్పు కాదు, చెబితే చాలు. కానీ పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపుల సంగతి వేరు. వాటి ధర మామూలు కెంపు ధరలో చిన్న భాగం కూడా ఉండదు. కంసాలి మంట తగిలినా, నిమ్మరసం పడినా ఆ గాజు దెబ్బతింటుంది. దాన్ని 'ఒరిజినల్ కెంపు' అని రాయడం, తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడమే. ప్రయోగశాలలో తయారైన రాయిని అలాగే చెప్పి అమ్మితే దోషం లేదు. 'హైదరాబాద్ ముత్యాలు' అంటే మూసీలో పుట్టినవి కావు. వాటిలో అధిక భాగం చైనాలో మంచినీటిలో సాగు చేసినవి. వాటిని ఎంచి, బెజ్జం వేసి, గుచ్చే పనితనం హైదరాబాద్‌ది. ఇది చెప్పడానికి సిగ్గుపడవలసిందేమీ లేదు.

బరువు విషయానికొస్తే, ఖైబర్ నాటి సంఘటన మనకు మార్గదర్శకం. హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) పన్నెండు దీనార్లకు ఒక హారం కొన్నారు. అందులో బంగారంతో పాటు పూసలు ఉన్నాయి. విడదీసి చూస్తే బంగారమే పన్నెండు దీనార్లకు మించి ఉంది. విడదీయకుండా అలాంటిది అమ్మరాదని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఈ హదీసు అసలు వడ్డీకి సంబంధించిన అధ్యాయంలోది. బంగారాన్ని అప్పుకు అమ్మడం గురించిన మసాయిల్ ఇక్కడ తడమడం లేదు. కానీ ఇందులో మన వ్యాపారికీ పాఠం ఉంది. '10 గ్రాముల హారం' అని రాసి, అందులో రాళ్లు, లక్క బరువు ఎంతో చెప్పకపోతే కొనేవాడు మొత్తం బంగారమే అనుకుంటాడు. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాల్లో ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉన్న హాల్‌మార్క్ నగలే అమ్మాలి. ఆ సంఖ్యను 'బీఐఎస్ కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు. అయితే హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే సాక్ష్యం, అందులో పొదిగిన రాయికి కాదు. ముద్రను చూపి రాయిని కూడా నమ్మించేవారున్నారు!

ఇంకొక మాట. ఫలానా రాయి ధరిస్తే రోగం పోతుందని, ఉపాధి పెరుగుతుందని వివరణలో రాసేవారు మన సోదరుల్లోనూ ఉన్నారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసించేవాడు ఆ వాక్యం ఎలా రాయగలడు?

'నో రిటర్న్' షరతు గురించి కూడా తెలుసుకోవాలి. చూడకుండా కొన్నవాడికి చూసిన తర్వాత తిరస్కరించే హక్కు హనఫీ ఫిఖ్‌హ్‌లో ఉంది. దీన్నే ఖియారె రూయత్ అంటారు. చూడకముందే "నాకు సమ్మతమే" అన్నా ఆ హక్కు పోదు. ఒక వెలుగులో తీసిన ఫోటోను రాయిని చూడటంతో సమానం చేయలేమన్నది నా అభిప్రాయం. 'లోపాలకు మా బాధ్యత లేదు' అనే షరతుతో అమ్మకం చెల్లుతుందని హనఫీ పండితులు అన్నారు, నిజమే. కానీ తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ షరతుతో తొలగిపోదు.

అలాగని అమ్మేవాడు తన కొనుగోలు ధర కూడా చెప్పాలా? అక్కర్లేదు. ప్రవక్త (సఅసం) ఒక గొర్రె కొనమని ఇచ్చిన దీనారుతో హజ్రత్ ఉర్వా (రజి) రెండు కొని, ఒకటి దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ఇచ్చారు. ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం ప్రవక్త (సఅసం) దుఆ చేశారు. తెలివికి దక్కే లాభం హలాలే.

మరి ఆ తెలివిని రాయి విలువ తెలియని గిరిజనుడి మీద ప్రయోగిస్తే? నా దృష్టిలో అసలు కష్టమైన ప్రశ్న ఇదే. బజారు ధర తెలియక ముందే ఊరి బయట ఎదురేగి సరుకు కొనడాన్ని ప్రవక్త (సఅసం) నిషేధించారు. అలా అమ్మినవాడికి బజారు చేరాక బేరం రద్దు చేసుకునే హక్కు ఇచ్చారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టు వర్తకులు. ఒక స్త్రీ పట్టు వస్త్రం తెచ్చి వంద అడిగితే, అది అంతకంటే ఎక్కువ విలువైనదని చెప్పి, చివరికి ఐదు వందలకు కొన్నారని చరిత్రకారులు రాశారు. ఆమె తనను ఆటపట్టిస్తున్నారని కూడా అనుకుందట. మన్యంలో కొండ ఎక్కి రంగురాయిని నామమాత్రపు ధరకు కొని, దిగి వచ్చి ఎన్నో రెట్లకు అమ్మే దళారి, తన వివరణ ఎంత నిజాయితీగా రాసినా, సగం వ్యాపారమే నిజాయితీగా చేసినట్లు.

పుట్టుక కూడా దాచరాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దొంగచాటు తవ్వకాల్లో మట్టి పెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయిన వార్తలు మనం చదివినవే. అలాంటి రాయికి 'తూర్పు కనుమల సహజ రత్నం' అని అందమైన పేరు పెట్టి అమ్మకూడదు, తెలిసి కొనకూడదు.

ఇప్పటికే చెప్పకుండా అమ్మినవారు ఏం చేయాలి? కొన్నవారికి ఫోన్ చేసి విషయం చెప్పాలి. వస్తువు తిరిగి ఇస్తే పూర్తి సొమ్ము, ఉంచుకుంటే ఒప్పుకున్న మేరకు ధరలో తేడా ఇవ్వాలి. వారి ఆచూకీ ఎంతకూ దొరకనప్పుడే ఆ మొత్తాన్ని వారి తరఫున సదఖా చేయాలి. పూర్వం సంతలో అమ్మినవాడికి కొన్నవాడు మళ్లీ కనిపించకపోవచ్చు. ఈ వ్యాపారంలో పార్సిల్ మీద రాసిన చిరునామా, ఫోన్ నంబరు మీ దగ్గరే ఉంటాయి.