పాత పెట్టె, నూతన హృదయము

ధ్యాన వాక్యములు: మత్తయి 9:16, 17, యెహెజ్కేలు 36:26, 2 కొరింథీయులకు 4:7.



మన ప్రభువు బోధించునప్పుడు ఉపమానములకొరకు దూరము పోలేదు. విత్తనము, వల, పులిసిన పిండి, దీపము, చినిగిన బట్టకు వేయు మాసిక, ఇట్లు వినువారి యింటిలో నున్నవాటినే ఆయన చేతికి తీసికొనెను. ఈ దినములలో మన పల్లెలలోని బడిలోను, బ్యాంకులోను, మీసేవ కేంద్రములోను కంప్యూటరున్నది. మన కుమారులును కుమార్తెలును అనేకులు దానిమీద పనిచేసి జీవించుచున్నారు. కావున ఈ మాసము మేము ఆ కంప్యూటరు పెట్టెను మీ యెదుట నుంచి, క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులను గూర్చి ప్రభువు పలికిన మాటను ధ్యానింప గోరుచున్నాము.

ఈ పెట్టెను ఇంటిలో సి.పి.యు. అందురు, బజారులో కేబినెట్ అందురు. ఏ పేరున పిలిచినను అది రేకు పెట్టెయే. లోపలి యంత్రము కొన్ని సంవత్సరములకే పాతబడును. రేకు మాత్రము ముప్పది యేండ్లయినను నిలుచును. అందుచేత కొందరు నేర్పరులు పాత పెట్టెను పారవేయక, దానిలో నేటి యంత్రమును అమర్చుదురు. వినుటకిది సులభము, చేయుటకు కష్టము.

కష్టమేల? 1984లో ఐ.బి.ఎం. సంస్థ ఏ.టి. అను కంప్యూటరును తెచ్చెను. ఆ పద్ధతి పెట్టెలు పది సంవత్సరములకు పైగా వాడబడెను. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను క్రొత్త కొలతను ప్రకటించెను. దాని ప్రకారము మదర్‌బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244 మిల్లీమీటర్లు. పాత పెట్టె వెనుక ఆ బోర్డుకొరకు కీబోర్డు తీగ దూరునంత గుండ్రని రంధ్రము మాత్రమే యుండెను. క్రొత్త బోర్డుకు సుమారు 159 మిల్లీమీటర్ల పొడవు, 44 మిల్లీమీటర్ల ఎత్తు గల కిటికీ కావలెను. వేడిమి సంగతియు అట్టిదే. ఆ కాలపు ప్రాసెసర్లు కొద్ది వాట్ల వేడిమినే పుట్టించెను. నేడు 65 వాట్లవి, 125 వాట్లవి సామాన్యము. 2022లో వచ్చిన ఒక గ్రాఫిక్స్ కార్డు తానొక్కటియే 450 వాట్లు తీసికొనును. దాని పొడవు 300 మిల్లీమీటర్లను మించును. పాత పెట్టెను ఉన్నది ఉన్నట్టుగా నుంచి దీనిని లోపల పెట్టజూచినయెడల పట్టదు. బలవంతముగా పట్టించినను వేడికి నిలువదు.

ప్రభువు చెప్పిన మాట యిదే గదా! క్రొత్త రసము పొంగును. క్రొత్త తిత్తి దానితోకూడ సాగును. పాత తిత్తి ఎండి బిగిసియుండుటచేత పిగులును. రసమును పోవును, తిత్తియు పోవును. ఇక్కడ గమనింపుడి: తిత్తి వయస్సు దోషము కాదు, సాగకపోవుటయే దోషము. దేవుడు యెహెజ్కేలు ద్వారా వాగ్దానము చేసినప్పుడు, మనుష్యుని తీసివేసి మరియొక మనుష్యుని పెట్టుదునని చెప్పలేదు. ఆ మనుష్యునిలోనుండియే రాతి గుండెను తీసివేసి మాంసపు గుండెను ఇత్తునని చెప్పెను. అదే ఊరు, అదే ఇల్లు, అదే శరీరము. హృదయము మాత్రము నూతనము. మరి మంటి ఘటములమైన మనలను ఆయన ఆ హృదయమునకు తగినట్లు ఎట్లు చేయును? పనివాని పద్ధతిలో నాలుగు పాఠములు మనకు కనబడుచున్నవి.

మొదటి పాఠము: చోటు చేయవలెను.

పాత పెట్టె ముందు భాగమున ఫ్లాపీలకును డిస్కులకును చేసిన రేకు గూళ్ళుండును. వాటిని రివిట్లతో బిగించియుందురు. ఫ్లాపీని నేడు దాదాపు ఎవరును వాడరు. అయినను ఆ గూడు క్రొత్త కార్డు రావలసిన చోటనే కూర్చుండియున్నది. అది విషము కాదు, చెడ్డది కాదు. పనిలేనిదై చోటును పట్టియున్నది. పనివాడు ముందుగా కొలుచును, గీత గీయును; తరువాత డ్రిల్లుతో రివిట్ల తలలను తొలచి గూటిని ఊడదీయును. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేయును, లేనియెడల అది చేతిని కోయును. ఇనుప రజనును ఒక్క రేణువైనను మిగులకుండ తుడుచును, అది బోర్డుమీద పడినయెడల షార్టు కాగలదు గనుక.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12:1లో పాపముతో పాటు భారము అను మాటయు వేరుగా చెప్పబడినది. పాపమును విడిచితిమని చెప్పు మనము భారమును విడిచితిమా? పేరుకొరకు చేయు పెండ్లి ఖర్చు, దానికై తెచ్చిన వడ్డీ అప్పు, సాయంకాలమంతయు మ్రింగివేయు సెల్‌ఫోను, ఎప్పుడో తాతల కాలమున గట్టు విషయమై వచ్చిన పగ, ఇవన్నియు పాత గూళ్ళు. ప్రార్థనకు చోటెక్కడిది? ఇనుప రజనును గూర్చియు జాగ్రత్తపడుదము. తగవు తీరిన తరువాతను నోట మిగిలిన చిన్న మాటలు సమాధానమును కాల్చివేయును.

రెండవ పాఠము: దాగియున్న ఇత్తడి కాళ్ళను తీసివేయవలెను.

మదర్‌బోర్డు రేకుమీద ఆనదు. చిన్న ఇత్తడి కాళ్ళను రేకులో బిగించి, వాటిమీద బోర్డును నిలిపి, మరలు బిగింతురు. పాత బోర్డు రంధ్రములు కొన్ని క్రొత్త బోర్డు రంధ్రములకు సరిపోవును, కొన్ని సరిపోవు. క్రొత్త బోర్డులో రంధ్రము లేని చోట పాత కాలు ఒక్కటి మిగిలినను, అది అడుగునుండి బోర్డు వెనుకనున్న అతుకులను తాకి షార్టు చేయగలదు. పైనుండి చూచినవానికి ఏమియు కనబడదు. తీగలన్నియు సరిగానున్నవి, మూత వేయబడినది. మీట నొక్కినను ప్రాణము రాదు. అందుచేత నేర్పరియైనవాడు బోర్డు నుంచకమునుపే రంధ్రములను కాళ్ళను లెక్కించి సరిచూచును.

ప్రియులారా, మన సంఘములలో మిగిలియున్న ఆ ఇత్తడి కాలు కులము. బాప్తిస్మము పొందితిమి, పేరు మార్చుకొంటిమి, విగ్రహములను విడిచితిమి. కీర్తన పాడునప్పుడు కులము కనబడదు. పెండ్లి మాటలు వచ్చినప్పుడు కనబడును. సంఘ పెద్దలను ఎన్నుకొనునప్పుడు కనబడును. సమాధుల స్థలమును గూర్చి మాటలాడునప్పుడు కనబడును. ఈ పేటవారు ఒకవైపు, ఆ పేటవారు మరియొకవైపు కూర్చుండుదురు; ప్రభు బల్లయొద్ద ఒకే రొట్టెను తినినవారు ఇంటి గుమ్మమునొద్ద విడిపోవుదురు. అప్పుడు, మన సంఘములో జీవము లేదేల, ఉజ్జీవము రాదేల అని అడుగుదుము. అడుగున కాలు తాకుచున్నది!

పేతురువంటి అపొస్తలునిలోను ఈ కాలు మిగిలియుండెను. యొప్పేలో దర్శనము చూచినవాడు, కొర్నేలీ యింటిలో భోజనము చేసినవాడు అంతియొకయలో యెరూషలేమువారిని చూచి అన్యజనుల పంక్తినుండి లేచిపోయెను. పౌలు అతనిని అందరియెదుట గద్దించెను. అది గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో నున్నది. అయినను పేతురు పగపట్టలేదు. తన రెండవ పత్రికలో పౌలును ప్రియ సహోదరుడని పిలిచెను. ఇత్తడి కాలును పట్టకారుతో రెండు త్రిప్పులు త్రిప్పిన ఊడివచ్చును. తీయుట కష్టము కాదు. ఉన్నదని ఒప్పుకొనుటయే కష్టము.

మూడవ పాఠము: పాత శక్తితో క్రొత్త యంత్రము నడువదు.

పెట్టెను ఉంచుకొనవచ్చును గాని, దానిలోని పాత ఎస్.ఎం.పి.ఎస్.ను ఉంచుకొనరాదు. అది 5 వోల్టులు, 12 వోల్టులు ఇచ్చెను; క్రొత్త బోర్డు అడుగు 3.3 వోల్టులు దానిలో లేవు, ప్లగ్గును సరిపోదు. కరెంటు తీసివేసిన తరువాతను దాని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. తెలియనివారు దానిని విప్పరాదు. మీట సంగతియు ఆలోచింపుడి. పాత పెట్టెలో గోడనుండి వచ్చు 230 వోల్టుల తీగ ముందున్న మీటవరకు వచ్చెను. మనుష్యుని వ్రేలే కరెంటును తెంచెను, కలిపెను. క్రొత్త పద్ధతిలో మీటకు అట్టి అధికారము లేదు. అది చిన్న సైగ మాత్రమే చేయును. పెట్టె నిద్రించునట్లు కనబడినను, ప్లగ్గులో కరెంటున్నంతసేపు 5 వోల్టుల చిన్న ప్రవాహము లోపల మెలకువగా నుండును. సైగ అందగానే శక్తి అంతయు లేచును. పాత తీగను తెచ్చి క్రొత్త బోర్డుకు తగిలించినవాడు దానిని కాల్చివేయును.

ఆత్మతో ఆరంభించి శరీరముతో ముగింపగోరు గలతీయులను పౌలు అవివేకులని పిలిచెను. మనమును అట్లే గదా! కృపచేత రక్షణ పొంది, ఇప్పుడు మన పట్టుదలతో, మన కోపముతో, మన పెద్దరికముతో సంఘమును నడుప జూచుదుము. తండ్రి అరచి పిల్లలచేత ప్రార్థన చేయించును. పెద్ద అదిలించి కానుక వేయించును. ప్రార్థన ఆ చిన్న సైగవంటిది. శక్తి మన వ్రేలిలో లేదు. రాత్రియు పగలును మనలో మెలకువగానున్న పరిశుద్ధాత్మ, అడుగుటకొరకే కనిపెట్టియున్నాడు.

నాలుగవ పాఠము: గాలికి ద్వారము తెరవవలెను.

పాత పెట్టెకు గాలి రంధ్రములు కొద్ది. పనివాడు ముందువైపున 120 మిల్లీమీటర్ల ఫ్యానుకొరకు గుండ్రముగా కోసి, 105 మిల్లీమీటర్ల ఎడముగా నాలుగు మరల రంధ్రములు వేయును. చల్లని గాలి ముందు క్రిందినుండి వచ్చి, వేడి గాలి వెనుక పైనుండి పోవలెను. లోనికి త్రోవ యుండి వెలుపలికి లేకున్నను, వెలుపలికి యుండి లోనికి లేకున్నను ప్రయోజనము తక్కువ. గాలి ఆడని పెట్టెలో ప్రాసెసరు ఒక్కసారిగా చావదు. వేడెక్కినకొలది అది తన వేగమును తానే తగ్గించుకొనును, చివరకు ఆగిపోవును.

మన యౌవనస్థులలో ఈ నెమ్మది తగ్గుదలను మీరు చూడలేదా? పట్టణమునుండి ఉత్సాహముతో వచ్చిన కుమార్తె, బైబిలు బడి పెట్టుదునని అడిగెను. ఇదివరకు లేదు గదా అంటిమి. వచ్చే సంవత్సరము ఆమె వెనుక బెంచీలో కూర్చుండెను. ఆ మరుసటి సంవత్సరము రాలేదు. ఆమె భక్తి చల్లారెనని మనమందుము. భక్తి చల్లారలేదు, పెట్టెలో గాలి లేదు. ఎల్దాదు, మేదాదు అనువారు పాళెములో ప్రవచించినప్పుడు యెహోషువ వారిని ఆపుమనెను. మోషేయైతే ప్రజలందరును ప్రవక్తలైన బాగుండునని కోరెను (సంఖ్యాకాండము 11). సంఘ పెద్దలారా, ఆ దినమున ముసలివాడు తెరచిన ద్వారమును పడుచువాడు మూయజూచెను. మన దినములలో అది తలక్రిందులు కాకుండునుగాక. వాక్యము లోనికి వచ్చు ద్వారము, సేవ వెలుపలికి పోవు ద్వారము, రెండును కావలెను.

అయితే పాతదంతయు కోసివేయవలెనా? అట్లు కాదు. పెట్టె వెనుక కార్డులు బిగించు చీలికల మధ్య దూరము 20.32 మిల్లీమీటర్లు. 1983 నాటి ఐ.బి.ఎం. ఎక్స్.టి. కంప్యూటరులోను అంతే, నేటికిని అంతే. క్రొత్త కొలత చేసినవారు మంచిదానిని ఉంచిరి. డోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారి కాలమున 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమును చూడుడి. మన దేశపు స్తంభములు, మన దేశపు గోపురములు, లోపల క్రీస్తు ఆరాధన. మన భాషను, మన తాళమును, ఆకలిగొన్నవానికి ముందుగా అన్నము పెట్టు మన తల్లుల అలవాటును ప్రభువు కోయడు, వాటిలో నివసించును.

ఇచ్చటితో ఈ సామ్యము చాలును. ఏ సామ్యమును పూర్ణము కాదు. పనివాడు బోర్డును వెలుపల నుంచి, వట్టి పెట్టెను కోయును. దేవుడైతే ముందు నూతన హృదయమిచ్చి, అది మనలో కొట్టుకొనుచుండగానే కోయుచున్నాడు. రేకునకు నొప్పి తెలియదు, మనకు తెలియును. కాని ఆ చేయి ఎవరిదో చూడుడి. పనివాని చేతికి దెబ్బ తగులకుండ తొడుగు ఉండును. మనలను మలచు చేతులకు తొడుగు లేదు. వాటిలో మేకుల గురుతులున్నవి. మనకంటె ముందుగా నొప్పిని ఎరిగిన చేతికి మనలను అప్పగించుకొనుటకు భయమేల?

ఈ మాసమంతయు కుటుంబ ప్రార్థనలో ఈ నాలుగు ప్రశ్నలు అడిగికొనుడి. మన యింటిలో పనిలేక చోటు పట్టినదేది? అడుగున దాగిన కాలేది? మనము ఎవరి శక్తితో నడుచుచున్నాము? మనము ఎవరికి ద్వారము మూసితిమి? ఒక్కదానికైనను జవాబు దొరికినయెడల, వచ్చే ఆదివారము ప్రభు బల్లకు రాకమునుపే ఆ సహోదరుని ఇంటికి వెళ్ళుడి.

ప్రార్థన: దయగల తండ్రీ, మమ్మును పారవేయక నీ చేతిలోనికి తీసికొన్నందుకు స్తోత్రము. మాలో అడ్డమైనదానిని తీసివేయుము, దాగినదానిని చూపుము, మా సంఘములో నీ ఆత్మ గాలికి ద్వారము తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.