మేలు చేయుట, మేలు జరుగుట

కాయకమును శివపూజతో సమానముగా నెంచిన శరణుల మార్గములో, ఆ కాయకమునకు ఆధారమైన దేహమును కాపాడుకొనుట అల్ప విషయము కాదు. నేడు పెద్ద కార్యాలయములును కర్మాగారములును తమ ఉద్యోగులకు రక్తపరీక్షలు, వ్యాయామ శిక్షణ, ఆహార బోధనలు ఏర్పాటు చేయుచున్నవి. మెచ్చదగిన పనియే. అయితే ఆ మేలు నిజముగా జరిగినదా యని విచారించుట దాత ధర్మములో భాగమగునా? సదుద్దేశము ఉన్నది చాలదా? ఈ ప్రశ్నకు సంబంధించిన వృత్తాంతమొకటి అమెరికా దేశమున జరిగినది.

2010లో కాథరిన్ బైకర్, డేవిడ్ కట్లర్, జిరుయి సాంగ్ అను హార్వర్డ్ పండితులు అంతకుముందు వెలువడిన పరిశోధనలను పరిశీలించి, ఇట్టి కార్యక్రమములపై ఒక డాలరు వెచ్చించినచో వైద్యవ్యయములో సుమారు 3.27 డాలర్లు, ఉద్యోగుల గైరుహాజరు వలని నష్టములో 2.73 డాలర్లు మిగులునని ప్రకటించిరి. యజమానులకు ఇంతకన్న ఇంపైన లెక్క యేమి కలదు?

కాని ఇట్టి లెక్కలో ఒక చిక్కు కలదు. ప్రతి ఉదయము మఠమునకు నడచివచ్చు వృద్ధులను, ఇంట మంచము పట్టిన వృద్ధులతో పోల్చి, మఠమునకు వచ్చుటచేతనే వారికి ఆరోగ్యము కలిగినదని చెప్పవచ్చునా? నడువగలవారే గదా వచ్చినది! 2016లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఈ చిక్కును విడదీసిరి. 4,834 మంది ఉద్యోగులను, చీట్లు వేసినట్లు ఏ ఎంపికయు లేకుండ, రెండు వర్గములు చేసి 3,300 మందికి కార్యక్రమమును కల్పించి, 1,534 మందికి కల్పింపక విడిచిరి. పిలుపునందుకొన్న వారిలో స్వయముగా ముందుకు వచ్చినవారు మునుపటినుండియే తక్కువ వైద్యవ్యయము గలవారు, వ్యాయామశాలకు పోవు అలవాటు గలవారు. వర్గమును వర్గముతో పోల్చి చూడగా, రెండేండ్ల తరువాతను కొలిచి చూచిన ఆరోగ్యములో చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

బైకర్, సాంగ్ పండితులును ఊరకుండలేదు. ఒక పెద్ద విపణి సంస్థకు చెందిన 160 శాఖలలో 20 శాఖలను అట్లే ఎన్నుకొని, దాదాపు 33,000 మంది ఉద్యోగుల విషయమున పదునెనిమిది మాసములు పరీక్షించి, 2019లో ఫలితమును ప్రకటించిరి. శిక్షణ పొందిన శాఖలవారు తాము వ్యాయామము చేయుచున్నామని, బరువు విషయమున జాగ్రత్త వహించుచున్నామని ఎక్కువగా చెప్పిరి. (పాఠము విన్న విద్యార్థి పరీక్షలో పాఠములోని మాటయే వ్రాయును, నడవడి వేఱు సంగతి.) రక్తపుపోటు, బరువు, వైద్యవ్యయము, హాజరు మాత్రము మారలేదు. తొమ్మిదేండ్ల క్రిందట తాము చెప్పిన ఆశాజనకమైన మాటను తామే తూకమునకు పెట్టి, తక్కువ తూగినదని లోకమునకు చెప్పిన వారి నిజాయితీ సామాన్యమైనది కాదు. తన ధర్మకార్యమును తానే పరీక్షించుకొను దాతలు ఎందఱు కలరు?

ఫలము లేకున్నను నష్టమేమని కొందఱందురు. నష్టము కలదు. అమెరికాలో 2010 నాటి చట్టము ననుసరించి, ఇట్టి కార్యక్రమముల షరతులను నెరవేర్చిన వారికి బీమా వ్యయములో 30 శాతము వరకు ప్రోత్సాహకము ఈయవచ్చును. ముందే ఆరోగ్యవంతుడైనవానికి బహుమానము, రాలేని రోగికి భారము! పైగా, అతడు సోమరియను నింద యొకటి.

ఇల్లినాయ్‌లో మారినది ఒకటున్నది. తమ ఆరోగ్యమును యాజమాన్యము ముఖ్యముగా నెంచుచున్నదని నమ్మిన ఉద్యోగుల సంఖ్య మొదటి యేటనే పెరిగినది. అంత నమ్మకము పొందిన యజమాని వ్యాయామ బోధనతో ఆగిపోవలెనా, లేక ఉద్యోగి చేయు పనినే ఒకసారి చూడవలెనా? 1985లో లండను నగరమున ఆరంభించి 10,308 మంది ప్రభుత్వోద్యోగులను ఏండ్ల తరబడి పరిశీలించిన పరిశోధనలో, తమ పనిపై తమకు తక్కువ అధికారము గలవారికే హృద్రోగము ఎక్కువగా వచ్చినట్లు తేలినది. వారి ఆహారమును గూర్చి బోధించువారు దొరకుదురు; వారి పనిగంటలను నిర్ణయించువానిని పిలిచి ప్రశ్నించువారే అరుదు.