రాకాసిగుళ్లలో ఉన్నదెవరు?

నవంబరు మాసం రాగానే మన విచారణలలో సమాధుల తోటలను శుభ్రం చేసుకుంటాం. కొవ్వొత్తులు వెలిగించి, పేరుపేరునా మన పెద్దల ఆత్మశాంతికై ప్రార్థిస్తాం. మరి పేరు తెలియని మృతులకు, తమవారంటూ ఎవరూ మిగలని మృతులకు మనం ఏమైనా బాకీ పడ్డామా?

సిద్దిపేట ప్రాంతంలో ఇది ఊహకు పుట్టిన ప్రశ్న కాదు. పుల్లూరు, నర్మెట్ట వంటి గ్రామాలలో గుండ్రంగా పేర్చిన బండరాళ్లు కనబడతాయి. జనం వాటిని రాకాసిగుళ్లు అంటారు. కాని వాటి కింద ఉన్నది రాకాసులు కారు, మనుష్యులు. సుమారు మూడు వేల ఏళ్ల కిందట మొదలైన ఇనుప యుగంలో ఇక్కడ బ్రతికినవారు తమ మృతులను అలా పాతిపెట్టారు. రాతి పలకలతో గూడు కట్టి, ఎముకలతో పాటు కుండలు, ఇనుప పనిముట్లు ఉంచి, పైన పెద్ద బండ మూసేవారు. 2017లో పురావస్తు శాఖ తవ్వకాలలో నర్మెట్టలో బయటపడిన మూతబండ బరువు 40 టన్నులకు పైమాటే. దాన్ని ఎత్తడానికి క్రేను కావలసివచ్చింది. యంత్రాలు లేని కాలంలో ఒక్క సమాధి కోసం ఎన్ని చేతులు కలిశాయో ఆలోచించండి. అంతటి ప్రేమ చూపినవారిని రాకాసులనడం న్యాయమా?

“వారు క్రీస్తును ఎరుగనివారు కదా, మనకేమి?” అని ఒకరు అడగవచ్చు. మృతులను పాతిపెట్టడం శ్రీసభ నేర్పిన దయాకార్యాలలో ఒకటి. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టేటప్పుడు జ్ఞానస్నాన పత్రం అడగం. మృతుని విషయంలోనూ అంతే. రోములో పునీత పేతురు మహాదేవాలయం కింద 1940వ దశకంలో తవ్వినపుడు అన్యమతస్థుల సమాధులు వరుసగా బయటపడ్డాయి. శ్రీసభ వాటిని పారవేయలేదు, నేటికీ కాపాడుతున్నది. అలాగే భక్తిశ్రద్ధలతో, సత్యం తెలుసుకోవడానికి సమాధిని తెరవడం అపచారం కాదు. దోచుకోవడానికి తెరవడమే అపచారం.

“రెండెకరాల రైతు ఏం చేయాలి?” అన్నది ఇంతకంటె బరువైన ప్రశ్న. బ్రతికినవారి నోటి కూడు తీసి మృతులను గౌరవించమని ఏ ధర్మమూ చెప్పదు. వారసత్వం అందరిదైనపుడు దాని భారం ఒక్క పేదవాని చేనుపై పడకూడదు. నష్టపరిహారం ఇవ్వవలసింది ప్రభుత్వమే. అయితే నాగలికి అడ్డమని తీసిన రాయి వేరు. కంకర కోసం, మొరం కోసం, గుప్తనిధుల కోసం పెకలించిన రాయి వేరు. మొదటిది అవసరం, రెండవది ఆశ. ఆశకు అవసరం ముసుగు వేయడమే పాపానికి మొదటి మెట్టు.

మన రాష్ట్రం 2017లో వారసత్వ పరిరక్షణకు చట్టం చేసింది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అయినా ఊరివారి మనస్సు కదలనిదే ఏ చట్టమూ రాయిని కాపాడలేదు. మీ పొలంలో అటువంటి రాళ్లుంటే జేసీబీని పిలిచే ముందు తహసీల్దారుకు తెలియజేయండి. అక్కడ నిద్రిస్తున్నది మనవంటి మనుష్యులేనని పిల్లలకు చెప్పండి.

బ్రతికినవానికి చేసిన మేలు ఏదో రూపాన తిరిగి రావచ్చు. మృతునికి చేసిన మేలుకు బదులు రాదు. అందుకే అది స్వచ్ఛమైన ప్రేమ. ఏదో ఒకనాడు మన సమాధుల మీద పేర్లూ చెరిగిపోతాయి. ఆనాడు అటుగా నడిచేవారు మన పట్ల ఎలా మెలగాలని కోరుకుంటామో, ఈనాడు మనమూ అలాగే మెలగుదాం.