ఉపయోగమును ఉల్లాసమును

ఉపయోగపడు వస్తువు ఉల్లాసము నీయరాదా? ఉల్లాసము నిచ్చు వస్తువు నిరుపయోగమై యుండవలెనా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదైనను మన గృహజీవనము నంతటిని ఆవరించి యున్నది. మితవ్యయమును బోధించు పెద్దలు ఉల్లాసమును దుబారా యందురు. ధనవంతులు దానిని తమ సొత్తని తలంతురు. ఈ యిరువురి మతములును తుదకు ఒక్క తీర్పునందే కలియుచున్నవి: సామాన్యునకు ఉపయోగము చాలును, ఉల్లాసము వలదు. ఈ తీర్పు న్యాయమైనదా యని విచారించుటకై, గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున ఐరోపాలో పుట్టిన యొకజాతి చిన్నకార్ల చరిత్రను మేము సాక్ష్యముగా గైకొనుచున్నాము.

వానిని హాట్ హ్యాచ్ లందురు. వెనుక పైకి లేచు తలుపుగల సాధారణ కుటుంబపు కారునకు బలమైన ఇంజనును, బిగువైన స్ప్రింగులును, మంచి బ్రేకులును అమర్చినచో అట్టి కారగును. వానిలో మొదటివి వెలువడి యిప్పటికి ఏబది యేండ్లయినది. వానికంటె వేగముగా పోగల బండ్లు నేడు లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఐనను ఆ పాతబండ్లపై జనులకుగల మక్కువ తగ్గలేదు. ఏల తగ్గలేదు? ఆ మక్కువ మెచ్చదగినదా?

ఈ జాతికి త్రోవ చూపినది మినీ యను బ్రిటిషు కారు. 1956లో సూయజు కాలువ సంక్షోభమువలన బ్రిటనులో పెట్రోలునకు రేషను ఏర్పడెను. ఆ కొఱత నుండియే 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ జనించెను. ఇంజనును అడ్డముగా నిలిపి ముందుచక్రములనే త్రిప్పించుటచే, పదియడుగుల పొడవుగల బండిలో నలుగురికి చోటు దొరకెను. పందెపుకార్ల నిర్మాతయగు జాన్ కూపర్ ఆ పొదుపుబండిలోని చుఱుకుదనమును కనిపెట్టెను. 1961లో మొదలైన మినీ కూపరు వరుసలోని బండ్లు 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీని గెలిచినవి. దానికి పైకి లేచు తలుపు లేదు గాని, తరువాతివానికి బుద్ధి నేర్పినది అదియే.

1973లో చమురు సంక్షోభము ప్రపంచమును పీడించెను. మఱుసటి యేడు పశ్చిమ జర్మనీలోని ఫోక్స్‌వ్యాగన్ సంస్థ, ఇటలీ దేశీయుడగు జొర్జెట్టో జుజారో ఆకృతి కల్పించిన గోల్ఫ్ కారును విడుదల చేసెను. మొదటి గోల్ఫులకు 50, 70 అశ్వశక్తుల ఇంజనులుండెను. ఆ సంస్థలోని కొలదిమంది ఇంజనీర్లు తమకు విధింపబడిన పనికి వెలుపల దీనినే చుఱుకైన బండిగా మార్చ యత్నించిరి. 1975లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున చూపబడి, 1976లో అమ్మకమునకు వచ్చిన గోల్ఫ్ జీటీఐ 110 అశ్వశక్తులు కలది. బరువు సుమారు 800 కిలోలు. గరిష్ఠవేగము గంటకు 182 కిలోమీటర్లు. దాని సీట్లకు గళ్ళబట్టను, గేరు రాడ్డునకు గోల్ఫుబంతివంటి పిడిని ఎంచినది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అను స్త్రీ. పింగాణిపై చిత్రములు వ్రాయు విద్య నేర్చిన యామె, ఇంజనీర్ల పట్టుదలకు ఇంటి చనువును జోడించెను. మొదట 5,000 బండ్లు మాత్రము చేయ నుద్దేశింపగా, మొదటి తరముననే 4,50,000 మించి తయారైనవి.

ఇందలి మర్మమేమి? అంతవఱకు వేగమునందును ఒక కులవ్యవస్థ యుండెను. ఇద్దఱు మాత్రమే కూర్చుండు విలువైన స్పోర్ట్స్ కారు ధనికునిది. పెట్టెలను, పిల్లలను మోయు బండి గుమాస్తాది. ఒకనికి ఉల్లాసము, వేఱొకనికి ఉపయోగము. ఈ చిన్నబండి ఆ గోడను పడగొట్టెను. సోమవారమున పిల్లలను బడికి చేర్చి, శనివారమున అంగడి సామగ్రిని మోసిన బండియే ఆదివారమున కొండదారి మలుపులలో యజమాని మనస్సును ఉప్పొంగజేసెను. ధనికుల పెద్దకార్ల వెనుక ఈ గుమాస్తా బండి వచ్చి దారి యడుగుట అనేకులకు ముచ్చట గొల్పుట సహజమే.

అయితే ఇది ఆనాటి సంతోషమునకు మాత్రమే కారణము. నేటి మక్కువకు వేఱొక కారణము కలదు. 2020లో వచ్చిన ఎనిమిదవ తరపు గోల్ఫ్ జీటీఐకి 245 అశ్వశక్తులు. బరువు 1,400 కిలోలకు మించినది. అది పాతదానికంటె మిక్కిలి వేగముగా పోవును, మిక్కిలి సురక్షితముగా ఆగును. కాని పాతదానిలో దారి యొక్క గతుకును, తడియును, వాలును స్టీరింగుద్వారా అరచేతికి తెలియును. 1984లో ఫ్రాన్సున వెలువడిన ప్యూజో 205 జీటీఐని చూడుడు. మలుపు నడుమ బెదరి యాక్సిలరేటరు నుండి చప్పున పాదము తీసినచో, భారము ముందునకు ఒరిగి, వెనుకచక్రముల పట్టు సడలి, బండి తోక ప్రక్కకు జాఱును. నేర్పరికి అది వశమగును. అజాగ్రత్తపరుని అది క్షమింపదు. అనగా ఆ యానందము కొన్నది కాదు, నేర్చుకొన్నది. వీణ కొన్నంతమాత్రమున సంగీతము రానట్లే, ఈ బండి కొన్నంతమాత్రమున దాని సుఖము చేతికి రాదు. మనుష్యునినుండి ఏమియు కోరని శక్తి వానికి విసుగు పుట్టించును. శ్రద్ధను కోరు శక్తి వానిని పెంచును. ఈ మక్కువ చిరకాలము నిలుచుటకు ఇదియే మూలమని మా యభిప్రాయము.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. నేర్పు నేర్చుకొనువాడు తన ప్రాణమును పణముగా పెట్టవచ్చును. దారిన పోవు బాలుని ప్రాణమును పెట్టుట కెవరధికార మిచ్చిరి? ఈ ప్రశ్న ఊహామాత్రము కాదు. బ్రిటనులో 1980ల చివరను, 1990ల మొదటను యువకులు ఇట్టి కార్లను దొంగిలించి వీధులలో విచ్చలవిడిగా నడపుట పెద్ద ఉపద్రవమయ్యెను. బీమా రుసుములు పెరిగినవి. దొంగిలించిన బండితో హాని కలిగించువారిని కఠినముగా శిక్షించుటకై 1992లో ప్రత్యేకశాసనము చేయవలసి వచ్చెను. అదియుగాక, ఆ పాతబండ్ల పలుచని తలుపులు ప్రమాదమున ఆశ్రయ మీయజాలవు. ఈ దోషములను ప్రేమ పేరిట కప్పిపుచ్చుట తగదు.

ఐనను ఆ బండిలోని సుఖము వేగపు పరిమాణముపై ఆధారపడినది కాదని విజ్ఞులు గ్రహింపవలెను. తేలికయగు పాతబండి గంటకు అరువది, డెబ్బది కిలోమీటర్ల వేగముననే నడపువానిని మేల్కొలుపును. బలిసిన క్రొత్తబండి ఆ వేగమున నిద్రపోవుచుండును. కావున నిజముగా ఆ బండిని ప్రేమించువానికి శాసనమును మీఱవలసిన యవసరము తక్కువ. అంచువఱకు పోయి చూడవలెనను కోరిక గలవాడు పందెపు మైదానమునకు పోవలెను. ప్రజల దారిపై ఆ కోరికకు స్థానము లేదు.

మఱొక కీడు నెమ్మదిగా చొచ్చుచున్నది. మిగిలిన మంచిబండ్ల వెల పెరుగుటతో, కొందఱు వానిని కొని తాళము వేసిన గదులలో దాచి, నడపక, లాభమునకై కనిపెట్టుకొని యున్నారు. గోడను పడగొట్టిన వస్తువు తిరిగి గోడలోపలికే పోయినది! ఇంకొకవంక చవుక చిన్నకార్ల తయారియే క్షీణించుచున్నది. ఫోర్డు సంస్థ 1976 నుండి చేయుచుండిన ఫియెస్టాను 2023లో నిలిపివేసెను. 2024లో రెనో 5 విద్యుత్తు బండిగా మరలి వచ్చినది. పెట్రోలు వాసనకై కన్నీరు కార్చుట మాకు సమ్మతము కాదు. నిర్మాతలు ఏ యింధనమును వాడినను, సామాన్యునికి అందు వెలలో, తేలికయై, నేర్పునకు చోటిచ్చు బండిని చేయుదురా యనునదే ప్రశ్న.

చదువరులారా, మనలో పెక్కురు ఈ కార్లను కొనబోము, చూడనైనను చూడకపోవచ్చును. కాని బడిపిల్లలకు బల్లలు చేయించునపుడును, పనివారికి గది కట్టించునపుడును, ఇంటి స్త్రీలకు వంటగది యమర్చునపుడును, "వారికి ఇది చాలును" అను మాట మన నోటికి సులభముగా వచ్చును. ఆ మాట పలుకుటకు ముందు, ఆ వస్తువును ప్రతిదినము చేతబట్టువారికి దానివలన కొంచెము సంతోషము కలుగుటకు ఎంత యధికవ్యయ మగునో లెక్కించి చూడుడు. పలుమారు ఆ వ్యయము ఒక గళ్ళబట్టకును, ఒక మంచి పిడికిని మించదు.