ఎదుట జింక, చేతిలో తుపాకి

“జింక వేటకు ఏ రివాల్వర్ మంచిది? ఎంత బోర్ తూటా వాడాలి?”

వికారాబాద్, తాండూరు వైపు పొలాలూ తోటలూ ఉన్న కుటుంబాల యువకుల నోట ఈ ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. అమెరికాలో స్థిరపడిన బంధువులు పంపిన వేట వీడియోలు చూసి కొందరు అడుగుతారు. తాతల కాలం నాటి షికారు కబుర్లు విని కొందరు అడుగుతారు. ఇంట్లో లైసెన్సు తుపాకి ఎలాగూ ఉంది కదా అని మరికొందరు అడుగుతారు.

పైకి చూస్తే ఇది పనిముట్టుకు సంబంధించిన ప్రశ్న. కాని దీనికి ముందు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఆ ప్రాణి మీద మనకు హక్కు ఉందా? దాన్ని చంపవలసిన అవసరం ఉందా? చంపితే యాతన పెట్టకుండా చంపగలమా? వీటికి జవాబు చెప్పుకోకుండా బోర్ గురించి మాట్లాడుకోవడం, ఖిబ్లా ఏ దిక్కో తెలుసుకోకుండా జానమాజ్ రంగు గురించి వాదించుకోవడం లాంటిదే.

వేట నిషిద్ధం కాదు, ఆట కూడా కాదు

ఇస్లాం వేటను నిషేధించలేదు. శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చిన వేటను అల్లాహ్ పేరు స్మరించి తినడానికి దివ్య ఖుర్‌ఆన్ అనుమతించింది (అల్ మాయిదా: 4). తయ్ తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) వేటలో ఆరితేరినవారు. వేట గురించి ఆయన దైవప్రవక్త (స)ను అడిగిన ప్రశ్నలు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. ఏ విల్లు గొప్పదన్నది ఆ ప్రశ్నల్లో లేదు. ఎప్పుడు తినవచ్చు, ఎప్పుడు తినకూడదు అన్నదే ఆయన తపన. మొన దిగి చచ్చినదాన్ని తినవచ్చు, అడ్డంగా తగిలిన దెబ్బకు చచ్చినదాన్ని తినకూడదు. బాణం తగిలాక నీళ్ళలో పడి చచ్చినదాన్ని తినకూడదు. మన వేటకుక్కతో పాటు వేరే కుక్క కూడా కలిసి చంపి ఉంటే తినకూడదు. ఇవీ ఆయనకు లభించిన సమాధానాలు. వీటన్నిటిలోనూ ఒకే సూత్రం కనిపిస్తుంది. అనుమానం ఉన్నచోట చేయి వెనక్కి తీసుకోవాలి.

ఇక సరదా కోసం ప్రాణితో ఆడుకోవడం సంగతి వేరు. ఒక పక్షిని కట్టేసి గురి చూసి కొడుతున్న యువకులను చూసి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తీవ్రంగా మందలించారు. ప్రాణమున్న దాన్ని గురి కోసం నిలబెట్టేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి గుర్తు చేశారు (బుఖారీ, ముస్లిం). ఆకలి తీర్చుకునేందుకు చేసే వేటకూ, గురి చూపించుకునేందుకు చేసే వేటకూ మధ్య గీత ఇక్కడే ఉంది.

తూటా బలం, గుండెలో దయ

హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు మనందరికీ తెలిసినదే. ప్రతి విషయంలోనూ ఉత్తమ వైఖరిని అల్లాహ్ విధిగా చేశాడని, జిబహ్ చేసేవారు కత్తికి పదును పెట్టుకోవాలని, జంతువుకు యాతన తగ్గించాలని దాని భావం (ముస్లిం). బక్రీదు నాడు మనం కత్తి నూరేది ఈ ఆదేశాన్ని బట్టే. మరి తుపాకి విషయంలో ‘పదును’ అంటే ఏమిటి? దెబ్బ తగిలిన క్షణంలో ప్రాణం పోయేంత బలం, ఆ దెబ్బ సరైన చోట తగిలేంత నిలకడ.

ఈ కొలబద్దతో చూద్దాం. మన దేశంలో ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకున్నవారి దగ్గర ఎక్కువగా ఉండే రివాల్వర్ .32 బోర్‌ది. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వీటిని తయారు చేస్తుంది. 2014లో మహిళల రక్షణ కోసమంటూ తెచ్చిన ‘నిర్భీక్’ కూడా ఈ బోర్‌దే. మీద పడబోయే మనిషిని కొద్ది గజాల దూరంలో ఆపడానికి చేసిన ఆయుధమిది. గొట్టం నుంచి బయటపడేటప్పుడు దీని తూటా బలం సుమారు 120 అడుగు-పౌండ్లు మాత్రమే. ఎదిగిన మగ చుక్కల జింక 70 నుంచి 90 కిలోల దాకా బరువు తూగుతుంది.

అమెరికాలో అనేక రాష్ట్రాల్లో రివాల్వర్‌తో జింకను వేటాడటం చట్టసమ్మతమే. అక్కడ కూడా ఏ తుపాకి పడితే అది పనికిరాదు. కొలరాడో రాష్ట్రంలో 50 గజాల దూరంలో తూటా బలం కనీసం 550 అడుగు-పౌండ్లు ఉండాలని నియమం. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌ను అక్కడి వేటగాళ్ళు జింకకు అట్టడుగు హద్దుగా చూస్తారు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ అంతకంటే నమ్మదగినదంటారు. గొట్టం దగ్గర దాని బలం దాదాపు 1,000 అడుగు-పౌండ్లు. జింక వేటకు వాడే మామూలు రైఫిళ్ళ బలం దానికంటే చాలా ఎక్కువ.

అంటే మన ఇళ్ళలోని .32 రివాల్వర్ ఆ హద్దులో నాలుగో వంతు కూడా అందుకోదు. పైగా రివాల్వర్ గొట్టం పొట్టిది. చేయి కాస్త వణికితే గుండెకు తగలవలసిన తూటా కడుపులో దిగుతుంది. అలా గాయపడిన జింక అక్కడే కూలిపోదు. పొదల్లోకి పరుగెడుతుంది. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి యాతనపడి చస్తుంది. కాల్చినవాడు మాత్రం ‘గురి తప్పింది’ అనుకుని ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. గురి తప్పలేదు, బాధ్యత తప్పింది.

టెక్సాస్‌లోనో, చికాగో పరిసరాల్లోనో ఉంటున్న మన సోదరుడు అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని, అనుమతించిన నెలల్లోనే, మాంసం కోసమే వేటకు వెళ్తున్నాడనుకుందాం. అతనికి ఏ తుపాకి అన్న ప్రశ్న ఉత్తమ వైఖరికి సంబంధించిన ప్రశ్నే. చాలినంత బలమున్న ఆయుధం ఎంచుకోవడం, గురి కుదిరేదాకా అట్ట మీద సాధన చేయడం, దగ్గరి నుంచి తప్ప కాల్చకపోవడం, గాయపడిన జంతువును వెతికి పట్టుకునేదాకా వదలకపోవడం అతని మీద ఉన్న బాధ్యతలు.

తూటాతో చచ్చిన జింక హలాలా?

దెబ్బకు చచ్చిన జంతువును అల్లాహ్ నిషిద్ధం చేశాడు (అల్ మాయిదా: 3). తూటా కోసుకుపోయి చంపుతుందా, చితక్కొట్టి చంపుతుందా అన్నదాని మీద ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం తూటా దెబ్బ చితక్కొట్టే దెబ్బ కిందికే వస్తుంది. ప్రాణం ఉండగా అందుకుని జిబహ్ చేస్తేనే ఆ మాంసం హలాల్. తూటా శరీరాన్ని చీల్చుకుపోయి రక్తం కారుస్తుంది కనుక బిస్మిల్లాహ్ చెప్పి కాలిస్తే చాలునని మరికొందరు విద్వాంసులు అన్నారు. ఎవరు ఏ అభిప్రాయాన్ని అనుసరించాలన్నది తమకు నమ్మకమున్న ఆలింలను అడిగి తెలుసుకోవాలి. ఒక్క సంగతి మాత్రం స్పష్టం. చీకట్లో జీపు దీపాల వెలుగులో కాల్చి, ఎప్పుడు చచ్చిందో తెలియని జింకను తెల్లవారి గోనెసంచిలో వేసుకొచ్చి, ‘హలాలే, తినండి’ అనడం ఏ ఫిఖహ్‌లోనూ లేదు.

ఆ జింక ఎవరిది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. వికారాబాద్‌కు ఆ పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీదుగా వచ్చింది. ఆ కాలంలో షికారు నవాబుల హోదాకు గుర్తు. కృష్ణ జింకల మీదికి చీతాలను వదిలి వేటాడే వినోదం కూడా ఉండేది. ఆ వినోదం మిగిల్చిందేమిటి? వేటకు వాడుకున్న ఆ చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించవలసి వచ్చింది.

ఆనాటి నవాబులూ లేరు, ఆనాటి చట్టమూ లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చుక్కల జింక, కృష్ణ జింక రెండూ దాని రక్షణలో ఉన్నాయి. కృష్ణ జింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే కనీసం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలుశిక్ష. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేల రూపాయలు. చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. వేటకు వాడిన తుపాకి, వాహనం కూడా పోతాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో జింకనే రాష్ట్ర జంతువుగా ప్రకటించారు కూడా.

1998లో జోధ్‌పూర్ దగ్గర కంకాణీ గ్రామంలో రెండు కృష్ణ జింకల వేట కేసు మనందరికీ తెలుసు. అందులో సినీనటుడు సల్మాన్ ఖాన్‌కు 2018 ఏప్రిల్ 5న కోర్టు ఐదేళ్ళ శిక్ష విధించింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిలు పొందారు. తీర్పుల సంగతి అలా ఉంచి, రెండు మూగజీవాల కోసం ఇన్నేళ్ళు పట్టు విడవకుండా నిలబడిన బిష్నోయి పల్లె జనాన్ని చూడండి. సృష్టి పట్ల దయ మన ధర్మం కూడా నేర్పిన పాఠమే కదా!

‘ఇది మనుషులు చేసిన చట్టమే కదా’ అని తేలిగ్గా తీసేయరాదు. మనం ఈ దేశంలో చట్టానికి కట్టుబడతామనే ఒడంబడిక మీద జీవిస్తున్నాం. తుపాకి లైసెన్సు కూడా ఆత్మరక్షణ కోసమని సంతకం పెట్టి తీసుకున్నదే. అల్ మాయిదా సూరా మొట్టమొదటి ఆయతులో విశ్వాసులను ఒడంబడికలు నెరవేర్చమని ఆదేశించిన అల్లాహ్, అదే ఆయతులో ఇహ్రాం స్థితిలో వేటను ధర్మసమ్మతం చేసుకోవద్దన్నాడు. మాట నిలబెట్టుకోవడం, వేట నుంచి చేయి ఆపుకోవడం ఒకేచోట ప్రస్తావనకు వచ్చాయి. ఇది ఆలోచించవలసిన విషయం.

రైతు బాధ మాటేమిటి?

తాండూరు నల్లరేగడి నేలలో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అలాంటి పంటను అడవి జంతువులు రాత్రికి రాత్రి తొక్కేస్తే రైతు గుండె మండుతుంది. ఆ బాధను కొట్టిపారేయలేం. కాని దానికి దారి దొంగతనంగా తుపాకి పేల్చడం కాదు. పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టడం అసలే కాదు. జంతువు కోసం పెట్టిన తీగకు పక్క పొలం రైతు బలైపోయిన సంఘటనలు మన రాష్ట్రంలో ఉన్నాయి. పంటకు హాని చేసే కొన్ని జంతువుల విషయంలో అధికారులు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వడానికి చట్టంలోని 11వ సెక్షన్‌లో వీలుంది. అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవడం, కంచె వేసుకోవడం, రాత్రి కాపలా కాయడం, నష్టపరిహారం కోరడం సక్రమమైన దారులు.

జంతువులు పొలాల మీదికి ఎందుకు వస్తున్నాయో కూడా చూడాలి. అనంతగిరి చుట్టూ రిసార్టులు, ఫారంహౌసులు పెరిగాయి. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దేశానికి ఆ కేంద్రం అవసరమా కాదా అన్న చర్చ వేరు. అడవి తగ్గితే అందులోని జీవాలకు తావు తగ్గుతుందన్నది మాత్రం నిజం. తావు తగ్గిన ప్రాణి మన గట్టు మీదికి వస్తే, దాన్ని మనకు దొరికిన వేటగా లెక్కగట్టడం న్యాయమేనా?

అందుబాటులోకి రావడమే పరీక్ష

దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక హెచ్చరిక ఉంది. విశ్వాసుల చేతులకూ, ఈటెలకూ అందేంత దగ్గరికి వేటను తెచ్చి అల్లాహ్ వారిని పరీక్షిస్తాడు. ఎవరూ చూడనిచోట తనకు భయపడేవారెవరో తేల్చడానికి (అల్ మాయిదా: 94 భావం). ఇది ఇహ్రాం స్థితిని గురించిన ఆదేశం. కాని ఇందులోని పాఠం ఇహ్రాం విప్పగానే అయిపోదు. జింక దూరంగా ఉన్నప్పుడు ఎవరైనా నిగ్రహపరులే. అది పది గజాల దూరంలో నిలబడి, చేతిలో నిండు తుపాకి ఉండి, చుట్టూ ఎవరూ లేనప్పుడు వేలు ఆగిందా లేదా అన్నదే పరీక్ష. గెలిచేది కొట్టినవాడు కాదు, ఆగినవాడు.

ఈ పరీక్ష కాల్చేవాడొక్కడికే కాదు. హుదైబియా ప్రయాణంలో ఇహ్రాంలో లేని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఒక అడవి గాడిదను వేటాడారు. ఇహ్రాంలో ఉన్న సహచరులు ఆయనకు కొరడా అందివ్వడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ తర్వాత దైవప్రవక్త (స) వారిని అడిగిందేమిటి? మీలో ఎవరైనా వేటాడమని పురమాయించారా, దాని వైపు సైగ చేశారా అని. లేదన్నాకే తినడానికి అనుమతించారు (బుఖారీ, ముస్లిం). నిషిద్ధమైన వేటలో సైగ చేయడానికి కూడా లెక్క ఉందంటే, జీపు నడిపినవాడు, రివాల్వర్ అరువిచ్చిన చాచా, జాడ చెప్పిన కూలీ, తెలిసి తెలిసి ఆ మాంసం వండించి బంధువులకు పంచిన ఇంటిపెద్ద ఆ లెక్క నుంచి తప్పించుకోగలరా?

కనుక, వికారాబాద్ అడవిలో జింకకు ఏ బోర్ మంచిదని అడిగే యువకునికి మన జవాబు ఒక్కటే: ఏదీ కాదు. ఇక్కడ ఆ జింక మీద మనకు హక్కు లేదు. దాని మాంసం లేకపోతే మన ఇంట పొయ్యి ఆరిపోదు. మన చేతిలోని ఆయుధం దాన్ని యాతన పెట్టకుండా చంపలేదు. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా ‘అవును’ అనే జవాబు రానిచోట తుపాకి బీరువాలో ఉండటమే మేలు. బిడ్డలకు వేట కథలు చెప్పదలిస్తే, హజ్రత్ అబూ ఖతాదా (రజి) సహచరులు కొరడా కూడా అందివ్వకుండా చేతులు ఎందుకు ఆపుకున్నారో చెబుదాం.

ఎవరూ చూడనిచోట కూడా తనకు భయపడే గుండెను, మూగజీవాల పట్ల దయ చూపే చేతులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.