పొగడ్త తొడిగిన వేషం

కరూశ దేశాధిపతి పౌండ్రకుడు తానే అసలైన వాసుదేవుణ్ణని చాటుకున్నాడు. శంఖం, చక్రం, గద, కౌస్తుభం, వనమాల, పీతాంబరం... కృష్ణుడికి ఏవేవి ఉన్నాయో అన్నీ తానూ ధరించాడు. రథం మీద గరుడధ్వజం కూడా ఎత్తించాడు. అంతటితో ఆగక, నా గుర్తులు వదిలేసి నన్ను శరణు వేడు, లేదా యుద్ధానికి రా అని ద్వారకకు దూతను పంపాడు. ఆ కబురు విని ఉగ్రసేనుడి కొలువంతా పకపకా నవ్వింది.

భాగవతం దశమ స్కంధంలోని ఈ కథను గర్విష్ఠి పతనంగానే ఎక్కువగా చెప్పుకుంటాం. దాని మొదలును మరింత శ్రద్ధగా చదవాలి. పౌండ్రకుడికి ఆ భ్రమ తనంతట తానుగా పుట్టలేదు. చుట్టూ చేరిన అవివేకులు 'లోకాన్నేలడానికి దిగివచ్చిన వాసుదేవుడివి నువ్వే' అని పొగిడారు. విని విని అతడు నిజమేననుకున్నాడు. పిల్లలంతా కలిసి ఆటలో రాజును చేసిన బాలుడితో వ్యాసుడు అతణ్ణి పోల్చాడు. ఆట ముగిసిందని ఆ బాలుడికి ఎవరూ చెప్పలేదు.

ఆ పొగిడే కొలువు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

2015లో ఎసెనా ఓనీల్ అనే ఆస్ట్రేలియా యువతి తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి దాదాపు 2,000 ఫొటోలు తొలగించింది. అప్పటికి ఆమెకు 5 లక్షలకు పైగా ఫాలోవర్లు. మిగిలిన ఫొటోల కింద పాత రాతలు తీసేసి, జరిగింది జరిగినట్టు రాసింది. తీరిగ్గా దిగినట్టు కనిపించే ఒక ఫొటో వెనుక 100కు పైగా ప్రయత్నాలున్నాయి. పొట్ట అందంగా కనబడాలని ఆ రోజు ఆమె సరిగా తినలేదు. బాగా వచ్చేదాకా తీస్తూనే ఉండమని చెల్లెలి మీద అరిచింది. అన్ని లక్షల మంది మెచ్చుకున్నా తన వెలితి తీరలేదని ఒప్పుకుంది.

మెప్పు కోసం వేషం కట్టే ఈ జబ్బును గీత దంభం అంటుంది. పదహారో అధ్యాయంలో ఆసురీ గుణాల జాబితా దంభంతోనే మొదలవుతుంది. పదమూడో అధ్యాయంలో జ్ఞాన లక్షణాలు చెబుతూ కృష్ణుడు అమానిత్వాన్ని (గౌరవం ఆశించకపోవడాన్ని), ఆ వెంటనే అదంభిత్వాన్ని (దంభం లేకపోవడాన్ని) పేర్కొన్నాడు. అహింస, ఓర్పు, గురుసేవ ఆ తర్వాతే వస్తాయి. సన్మానం కోసం, మెప్పు కోసం చేసే తపస్సు రాజసమని, అది నిలవదని పదిహేడో అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక దానానికీ వర్తిస్తుంది. చలికి వణుకుతున్న ముసలమ్మకు దుప్పటి ఇచ్చి, 'అవ్వా, ఇటు చూడు' అని ఫోన్ ఎత్తినప్పుడు ఆమె ముఖంలో ఇబ్బంది కనిపిస్తుంది. ఫొటో బాగా రాలేదని ఆ దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తే, అక్కడ దానం పోయి నటనే మిగులుతుంది.

అమెరికాలో ఉన్న మనవడికి సంక్రాంతి ముగ్గు చూపించడం దంభం కాదు. పెళ్లిరోజు ఫొటో నలుగురితో పంచుకోవడమూ తప్పు కాదు. అవి మమకారం కొద్దీ చేసే పనులు. లేనిది ఉన్నట్టు చూపించి, దాన్ని కాపాడుకోవడానికే రోజులు ఖర్చు చేయడం వేరు. అప్పుల్లో మునిగినవాడు విహారయాత్రల ఫొటోలే పెడుతుంటే, లోలోపల కుంగిపోతున్న అమ్మాయి నవ్వులే పంచుతుంటే, వాళ్లకేం, హాయిగా ఉన్నారని అందరూ అనుకుంటారు. ఆదుకోగలిగిన మేనమామ కూడా అలాగే అనుకుని ఊరుకుంటాడు. వేషం సాయానికి దారి మూసేస్తుంది.

అదే భాగవతంలో గజేంద్రుడు ఏనుగుల రాజు. మొసలి పట్టు బిగిసినప్పుడు ఆ రాజరికాన్ని పక్కన పెట్టి, ఇక తన వల్ల కాదని మొరపెట్టుకున్నాడు. ఆ మొర విన్న విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలైనా చేతబట్టకుండా బయల్దేరాడని పోతన వర్ణించాడు. ఆ గుర్తులన్నీ పెట్టుకున్నా పౌండ్రకుడు దేవుడు కాలేదు. అవి చేతబట్టకుండానే బయల్దేరినవాడు భక్తుణ్ణి కాపాడాడు.

శరణాగతి మొదలయ్యేది ఉన్నదున్నట్టు ఒప్పుకోవడంతోనే. దేవుడి ముందు అది అలవాటు చేసుకున్నవారికి మనుషుల ముందూ సాధ్యమవుతుంది. సాయంత్రం దీపం పెట్టాక ఓ ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, ఈ రోజు ఎవరి మెప్పు కోసం ఏం చూపించాం, ఏం దాచాం అని తరచి చూసుకోవచ్చు. దాచినదాంట్లో బాధేదైనా ఉంటే, నమ్మకమైన ఒక్క మనిషికి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాలి.